ఫ్రీజ్ చేసిన ప్లేట్‌లెట్లు: అతుక్కోవడంలో వెనకబడి, గడ్డ మొదలుపెట్టడంలో ముందుండి

ప్లేట్‌లెట్లను ఎక్కువ రోజులు దాచలేకపోవడం బ్లడ్ బ్యాంకులకు ఎప్పటి నుంచో ఉన్న తలనొప్పి. ఎర్రకణాలను ఫ్రిజ్‌లో పెడితే 35 నుంచి 42 రోజుల దాకా పనికొస్తాయి. ప్లాస్మాను ఫ్రీజర్‌లో పెట్టేస్తే ఏడాది పాటు నిశ్చింత. ప్లేట్‌లెట్ల సంగతి అలా కాదు. 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య, అజిటేటర్ మీద రాత్రింబవళ్ళు మెల్లగా ఊగుతూ ఉండాలి. అలా చూసుకున్నా ఐదు రోజులే. బ్యాక్టీరియా కోసం అదనపు పరీక్షలు చేసేచోట ఏడు రోజులు. అందులో మొదటి ఒకటి రెండు రోజులు పరీక్షలకే పోతాయి. ఎన్నో ప్యాకెట్లు గడువు దాటి చెత్తబుట్టలోకి వెళ్తాయి. అదే సమయంలో మారుమూల ఆసుపత్రిలో ఒక్క ప్యాకెట్ కూడా దొరకదు.

మైనస్ 80 డిగ్రీల దగ్గర ఫ్రీజ్ చేస్తే వీటిని రెండేళ్ళు, ఇంకా ఎక్కువ కాలం కూడా దాచవచ్చు. ఈ పద్ధతి 1970ల నుంచీ ఉంది. అయినా చాలా ఆసుపత్రుల్లో కనిపించదు. ఎందుకని అడిగితే "ఫ్రీజ్ చేస్తే ప్లేట్‌లెట్లు పాడైపోతాయి కదా" అంటారు.

పాడవుతాయన్నది నిజమే. కానీ ఎలా పాడవుతాయో చూస్తే కథ అడ్డం తిరుగుతుంది. కరిగించిన ప్లేట్‌లెట్లను ఒక ల్యాబ్ పరీక్షలో పెడితే వీటిలో జీవమే లేదన్నట్టు ఫలితం వస్తుంది. అదే ప్యాకెట్‌లోంచి తీసి ఇంకో పరీక్ష చేస్తే, తాజా ప్లేట్‌లెట్ల కంటే ఇవే ముందుగా గడ్డకట్టడం మొదలుపెడతాయి. రెండు పరీక్షలూ సరైనవే. గడ్డకట్టించే సామర్థ్యం అని మనం ఒకే మాటగా అనేది నిజానికి రెండు వేర్వేరు పనులు. ఫ్రీజింగ్ వాటిలో ఒకదాన్ని దెబ్బతీస్తుంది, రెండోదాన్ని రెచ్చగొడుతుంది. ఈ సంగతి పట్టుకుంటే ఈ రంగంలో వచ్చే గందరగోళపు ఫలితాలు చాలావరకు అర్థమవుతాయి.

ప్లేట్‌లెట్ చేసే రెండు పనులు

ప్లేట్‌లెట్ అంటే 2–3 మైక్రాన్ల వెడల్పుండే బిళ్ళ లాంటి కణం. కేంద్రకం ఉండదు. ఎముక మజ్జలోని మెగాకార్యోసైట్ అనే పెద్ద కణం నుంచి తెగిపడే ముక్క ఇది. రక్తంలో ఒక్కో మైక్రోలీటర్‌కు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి, ఎనిమిది నుంచి పది రోజులు బతుకుతాయి. డెంగ్యూ వచ్చినప్పుడు అందరం టెన్షన్ పడుతూ అడిగే "కౌంట్" ఇదే.

రక్తనాళం తెగితే లోపలి గోడ కింద ఉండే కొలాజెన్ బయటపడుతుంది. దాని మీద వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రొటీన్ వచ్చి అంటుకుంటుంది. పక్క నుంచి వేగంగా వెళ్తున్న ప్లేట్‌లెట్ తన పైనున్న జీపీ-ఐబీ అనే గ్రాహకంతో దాన్ని పట్టుకుని ఆగుతుంది. ఆగాక జీపీ-6 అనే మరో గ్రాహకంతో కొలాజెన్‌ను గుర్తించి ఉత్తేజితమవుతుంది. ఏడీపీ, థ్రాంబాక్సేన్ లాంటి రసాయనాలు వదిలి ఇతర ప్లేట్‌లెట్లను పిలుస్తుంది. అలా వచ్చినవన్నీ జీపీ-2బీ-3ఏ అనే గ్రాహకాలతో ప్లాస్మాలోని ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌ను మధ్యలో పెట్టుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇది మొదటి పని: ఆగడం, అతుక్కోవడం, గుంపు కట్టడం. ఆ తర్వాత గుంపంతా లోపలికి ముడుచుకుని గడ్డను బిగిస్తుంది కూడా.

రెండో పని అంత కంటికి ఆనదు. రక్తంలోని గడ్డకట్టే ఫ్యాక్టర్లు అనే ప్రొటీన్లు ప్లాస్మాలో ఊరికే తిరుగుతూ ఉంటే వాటి మధ్య చర్య చాలా మెల్లగా సాగుతుంది. వాటికి కూర్చోవడానికి ఒక ఉపరితలం కావాలి. ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు పదార్థం ఉన్న పొరే ఆ ఉపరితలం. మామూలు ప్లేట్‌లెట్ దీన్ని పొర లోపలి వైపే దాచి ఉంచుతుంది. బాగా ఉత్తేజితమైనప్పుడు మాత్రం కొన్ని ప్లేట్‌లెట్లు దాన్ని బయటి వైపుకు తిప్పుతాయి. వెంటనే ఫ్యాక్టర్ 10ఏ, ఫ్యాక్టర్ 5ఏ అక్కడ చేరి ప్రోథ్రాంబిన్‌ను థ్రాంబిన్‌గా మార్చడం మొదలుపెడతాయి. 10ఏ ఒంటరిగా చేసే పనితో పోలిస్తే ఈ వేగం లక్షల రెట్లు ఎక్కువ. థ్రాంబిన్ వచ్చాక ఫైబ్రినోజెన్ ఫైబ్రిన్ దారాలుగా మారి గడ్డ చుట్టూ అల్లుకుంటుంది.

గోడ కట్టడంతో పోల్చుకుంటే మొదటి పని ఇటుకలు పేర్చడం, రెండోది సిమెంటు కలపడం.

ఈ రెండూ వేర్వేరని నమ్మకం కుదరాలంటే మూడు అరుదైన పుట్టుకతో వచ్చే జబ్బులు చూడాలి. బెర్నార్డ్-సూలియర్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో జీపీ-ఐబీ సరిగా ఉండదు కాబట్టి ప్లేట్‌లెట్లు గాయం దగ్గర ఆగలేవు. గ్లాంజ్‌మాన్ థ్రాంబస్థీనియాలో జీపీ-2బీ-3ఏ లోపిస్తుంది, అందుకని గుంపు కట్టలేవు. స్కాట్ సిండ్రోమ్‌లో ఆగడం, గుంపు కట్టడం రెండూ బాగానే ఉంటాయి, ఫాస్ఫాటిడైల్‌సెరీన్‌ను బయటికి తిప్పడమే చేతకాదు. ముగ్గురికీ రక్తస్రావం తప్పదు. ఫ్రీజ్ చేసి కరిగించిన ప్లేట్‌లెట్‌లో మొదటి రెండు జబ్బుల పోలికలు కొంత కొంత కనిపిస్తాయి. మూడో జబ్బుకు మాత్రం అది పూర్తిగా వ్యతిరేకం. ఈ సమస్యను ఇంతకంటే క్లుప్తంగా చెప్పే దారి నాకు తోచలేదు.

చలి అంటే ఎందుకంత భయం

1960ల దాకా ప్లేట్‌లెట్లను కూడా ఎర్రకణాల్లాగే ఫ్రిజ్‌లోనే ఉంచేవారు. 1969లో మర్ఫీ, గార్డ్‌నర్ అనే ఇద్దరు పరిశోధకులు 4 డిగ్రీల దగ్గర ఉంచినవాటినీ 22 డిగ్రీల దగ్గర ఉంచినవాటినీ పోల్చి చూశారు. చలిలో ఉంచినవి ఒంట్లోకి ఎక్కించాక చాలా త్వరగా మాయమయ్యాయి. గది వేడిలో ఉంచినవి రోజుల తరబడి తిరిగాయి. అప్పటి నుంచి బ్లడ్ బ్యాంకులన్నీ 22 డిగ్రీల దారి పట్టాయి. దానికి చెల్లించిన మూల్యం బ్యాక్టీరియా. ఆ వేడి, ప్లాస్మాలోని పోషకాలు సూక్ష్మజీవులకు కూడా బాగా నచ్చుతాయి. ఐదు రోజుల గడువు వెనక ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి.

చలికి ప్లేట్‌లెట్ ఎందుకు అలా మారుతుందో తర్వాత దశాబ్దాల్లో తెలిసింది. ఉష్ణోగ్రత దాదాపు 15 డిగ్రీలకు దిగేసరికి పొరలోని కొవ్వులు ద్రవంలా కదిలే స్థితి నుంచి జెల్ లాంటి స్థితికి మారుతుంటాయి. బిళ్ళ ఆకారం పోయి ముళ్ళ బంతిలా అవుతుంది. జీపీ-ఐబీ గ్రాహకాలు చెల్లాచెదురుగా ఉండాల్సింది పోయి ఒకచోట గుమిగూడతాయి. కాలేయంలోని కణాలు ఆ గుంపులను గుర్తుపట్టి ప్లేట్‌లెట్‌ను రక్తంలోంచి లాగేస్తాయి.

22 నుంచి 4 డిగ్రీలకు వెళ్తేనే ఇంత జరిగితే మైనస్ 80కి వెళ్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అక్కడ మంచు కూడా తోడవుతుంది. కణం బయటి నీరు ముందుగా స్ఫటికాలు కడుతుంది. మిగిలిన ద్రవంలో ఉప్పు గాఢత పెరిగిపోయి కణంలోని నీటిని బయటికి లాగుతుంది. లోపల కూడా స్ఫటికాలు ఏర్పడితే పొర చిరిగిపోతుంది. ఏ రక్షణా లేకుండా ఫ్రీజర్‌లో పెట్టిన ప్లేట్‌లెట్ కరిగాక కణంగా మిగలదు.

డీఎంఎస్‌ఓ, ఫ్రీజర్, వేడినీటి తొట్టె

ఆ రక్షణ ఇచ్చేదే డైమిథైల్ సల్ఫాక్సైడ్, క్లుప్తంగా డీఎంఎస్‌ఓ. శీతలీకరణలో కణాలను కాపాడే పదార్థంగా ముందు పేరు తెచ్చుకున్నది గ్లిసరాల్. 1949లో పోల్జ్, స్మిత్, పార్క్స్ దాన్ని వాడి వీర్యకణాలను బతికించారు. ఎర్రకణాలకు ఇప్పటికీ గ్లిసరాలే వాడతారు. ప్లేట్‌లెట్లకు అది అంతగా కలిసిరాలేదు. 1959లో లవ్‌లాక్, బిషప్ డీఎంఎస్‌ఓ గుణాన్ని చూపించారు. ఇది పొరలోంచి సులువుగా లోపలికి వెళ్ళి నీటి అణువులతో కలిసిపోయి స్ఫటికాలు కట్టే తీరును మారుస్తుంది, కణం మరీ ఎండిపోకుండా చూస్తుంది. 1970లలో అమెరికా నౌకాదళపు రక్త పరిశోధనశాలలో వలేరి బృందం 6 శాతం డీఎంఎస్‌ఓతో, మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచే సులువైన పద్ధతిని తయారు చేసింది. ఈ రోజు వాడేది దాదాపు అదే, ఒక ముఖ్యమైన మార్పుతో.

ఆ మార్పు కడగడానికి సంబంధించింది. పాత పద్ధతిలో కరిగించాక డీఎంఎస్‌ఓ పోయేలా ప్లేట్‌లెట్లను కడిగేవారు. దానికి సమయం పట్టేది, ప్లేట్‌లెట్లూ పోయేవి. అత్యవసరంలో ఎవరికుంటుంది అంత తీరిక? తర్వాత వలేరి బృందమే క్రమం మార్చింది. ఇప్పుడు డీఎంఎస్‌ఓ కలిపిన వెంటనే, ఫ్రీజ్ చేయకముందే, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పై ద్రవాన్ని తీసేస్తారు. దాంతో డీఎంఎస్‌ఓ కూడా చాలావరకు పోతుంది. పావు లీటరు దాకా ఉన్న ప్యాకెట్ పాతిక మిల్లీలీటర్ల చిక్కటి ముద్దగా మిగులుతుంది. దాన్నే చదునుగా పరిచి ఫ్రీజర్‌లో పెడతారు. అవసరం పడినప్పుడు 37 డిగ్రీల నీటి తొట్టెలో కొద్ది నిమిషాలు ఉంచి కరిగించి, ప్లాస్మా లేదా ఇంకో తగిన ద్రవం కలిపి ఎక్కించేస్తారు. కరిగిన తర్వాత గడువు మళ్ళీ గంటల్లోనే. పద్ధతిని బట్టి 4 నుంచి 6 గంటలు అంటారు. రెండేళ్ళు దాచినదాన్ని కరిగించాక ఒక్క పూట కూడా ఉంచలేం.

తేడా కంటికే తెలుస్తుంది. తాజా ప్లేట్‌లెట్ ప్యాకెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా పిండితే లోపల పట్టు చీర మడతల్లా మెరుపు సుడులు తిరుగుతుంది. దీన్నే స్విర్లింగ్ అంటారు. బిళ్ళల ఆకారంలో ఉన్న కణాలు ఒక వైపుకు వరస కట్టి కదులుతున్నప్పుడు వెలుతురు అలా పడుతుంది. బ్లడ్ బ్యాంకులో ప్యాకెట్ బయటికి పంపేముందు చూసే అతి సులువైన నాణ్యత పరీక్ష ఇది. కరిగించిన ప్యాకెట్‌లో ఆ మెరుపు ఉండదు. ఎన్నిసార్లు పిండినా మబ్బుగా, మొద్దుగా ఉంటుంది. బిళ్ళలు చాలావరకు గుండ్రంగా మారిపోయాయని అర్థం. ఆ ఒక్క పరీక్షే కొలమానం చేసుకుంటే ప్రతి ఫ్రోజెన్ ప్యాకెట్‌నూ పారేయాల్సిందే.

పొర మీద జరిగేది

గడ్డకట్టే గుణం ఎందుకు రెండు వైపులకూ మారుతుందో తెలియాలంటే కరిగే ఆ కొద్ది నిమిషాలు చూడాలి. పొరకు తగిలిన దెబ్బల వల్ల లోపల కాల్షియం పెరుగుతుంది. కాల్షియం పెరగడం అంటే ప్లేట్‌లెట్ భాషలో గాయం అయిందని వార్త. పొరలోని కొవ్వులను అటూ ఇటూ మార్చే స్క్రాంబ్లేస్ మేలుకుని ఫాస్ఫాటిడైల్‌సెరీన్‌ను బయటికి తోసేస్తుంది. దాన్ని మళ్ళీ లోపలికి లాగే పంపుకు శక్తి, అంటే ఏటీపీ, కావాలి. మైటోకాండ్రియా దెబ్బతిన్న కణం దగ్గర ఆ శక్తి అంతంతమాత్రం. అందుకని బయటికి వచ్చింది బయటే ఉండిపోతుంది. తాజా ప్యాకెట్‌లో ఇలా ఫాస్ఫాటిడైల్‌సెరీన్ బయట పెట్టుకున్నవి నూటికి కొన్ని మాత్రమే. కరిగించిన ప్యాకెట్‌లో చాలా అధ్యయనాల్లో సగానికి పైగా ఉంటున్నాయి.

ఇంతటితో ఆగదు. కాల్షియం వల్ల మేలుకున్న ఎంజైములు కణం లోపలి అస్థిపంజరాన్ని తెంచుతాయి. పొర బుడగలుగా ఉబ్బి చిన్న చిన్న తిత్తులుగా రాలిపోతుంది. మైక్రోపార్టికల్స్ అనే ఈ తిత్తులు మైక్రాన్ కంటే చిన్నవి. కరిగించిన ప్యాకెట్‌లో వీటి సంఖ్య తాజా ప్యాకెట్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. వీటి మీద కూడా ఫాస్ఫాటిడైల్‌సెరీన్ ఉంటుంది. అంటే ఒక ప్లేట్‌లెట్ విరిగి థ్రాంబిన్ తయారయ్యే అనేక చిన్న వేదికలుగా మారిందన్నమాట. పాడైన ముక్కలను చెత్త అనుకునే అలవాటు మనకుంది కానీ ఇక్కడ ఆ చెత్తే సగం పని చేస్తోంది.

ఇదంతా రెండో పనికి కలిసొచ్చింది. మొదటి పనికి మాత్రం నష్టమే. కణం ఉపరితలం మీది ప్రొటీన్లను కత్తిరించే ఎంజైములు జీపీ-ఐబీ, జీపీ-6 గ్రాహకాలను కొన్నింటిని తెంపేస్తాయి. జీపీ-2బీ-3ఏ పైన ఉన్నా, ఉత్తేజపరిచినప్పుడు తెరుచుకోవాల్సిన తీరులో తెరుచుకోదు. లోపలి సంచుల్లో దాచుకున్న రసాయనాలు కొంత ముందే కారిపోతాయి. పి-సెలెక్టిన్ అనే గుర్తు బయట కనిపిస్తుంది. అంటే ఎవరూ పిలవకుండానే ప్లేట్‌లెట్ ఒకసారి ఉత్తేజితమైపోయింది. ఇక నిజంగా పిలుపు వచ్చినప్పుడు ఇవ్వడానికి దగ్గర పెద్దగా ఏమీ ఉండదు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ప్యాకెట్‌లోని ప్లేట్‌లెట్లన్నీ ఒకే తీరుగా మారవు. కొన్ని దాదాపు మామూలుగానే బయటపడతాయి, కొన్ని బెలూన్లలా ఉబ్బుతాయి, కొన్ని పూర్తిగా విరిగిపోతాయి. సగటు అంకెలు చదివేటప్పుడు ఈ మిశ్రమాన్ని మర్చిపోతే తప్పు అభిప్రాయానికి వస్తాం.

రెండు యంత్రాలు, రెండు తీర్పులు

ప్లేట్‌లెట్ పనితీరు చూసే పాత పరీక్ష అగ్రిగేషన్. 1962 నుంచీ వాడుకలో ఉంది. మబ్బుగా ఉన్న ప్లేట్‌లెట్ల ద్రవంలోంచి కాంతిని పంపిస్తూ ఏడీపీ, కొలాజెన్ లాంటిది ఒక చుక్క వేస్తారు. ప్లేట్‌లెట్లు గుంపు కడితే ద్రవం తేటపడి ఎక్కువ కాంతి దాటుతుంది, తెర మీది గీత పైకి లేస్తుంది. తాజా ప్లేట్‌లెట్లతో గీత నిటారుగా లేస్తుంది. కరిగించినవాటితో చాలాసార్లు గీత కదిలీ కదలనట్టు ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష చూసినవాళ్ళకు ఫ్రీజింగ్ పనికిరాని వ్యవహారమే.

ఇప్పుడు థ్రాంబిన్ జనరేషన్ పరీక్ష చూద్దాం. ప్లాస్మాలో ప్లేట్‌లెట్లు కలిపి, గడ్డకట్టే చర్యను మొదలుపెట్టి, థ్రాంబిన్ ఎప్పుడు, ఎంత పుడుతుందో కొలుస్తారు. కరిగించిన ప్లేట్‌లెట్లతో థ్రాంబిన్ త్వరగా మొదలవుతుంది, శిఖరం ఎత్తుగా ఉంటుంది. ఇక్కడ తాజావి వెనకబడతాయి.

రెండింటినీ ఒకే గీతలో చూపించేది థ్రాంబోఎలాస్టోగ్రఫీ. చిన్న కప్పులో రక్తం, అందులో వేలాడే సూది లాంటి కడ్డీ. గడ్డ కడుతున్నకొద్దీ రెండిటి కదలికా ముడిపడుతుంది. మొదట ఎంతసేపు ఏమీ జరగదో ఆ సమయాన్ని ఆర్-టైమ్ అంటారు. చివరికి గడ్డ ఎంత గట్టిపడిందో చెప్పేది ఎంఏ. కరిగించిన ప్లేట్‌లెట్లు వేస్తే ఆర్-టైమ్ తగ్గుతుంది, ఎంఏ కూడా తగ్గుతుంది. అంటే గడ్డ త్వరగా మొదలైంది కానీ తాజావాటితో వచ్చినంత గట్టిగా రాలేదు. సిమెంటు ముందే కలిసింది, ఇటుకలే వదులుగా ఉన్నాయి. గడ్డ లోపలికి ముడుచుకుని బిగుసుకునే గుణం కూడా తగ్గుతుంది. ఎందుకంటే దానికి ప్లేట్‌లెట్ లోపలి కండరం లాంటి ప్రొటీన్లు, శక్తి రెండూ కావాలి. ధమనిలో లాగా వేగంగా పారే రక్తంలో కొలాజెన్ పూతకు అతుక్కునే పరీక్ష పెడితే అక్కడా తక్కువే.

ఈ పరీక్షల్లో ఏది రోగి ఒంట్లో జరిగేదానికి దగ్గర? ఏ ఒక్కటీ కాదు. అన్నిటికంటే పాతదైన అగ్రిగేషన్‌కే ఇన్నాళ్ళూ ఎక్కువ మర్యాద దక్కింది. ఫ్రోజెన్ ప్లేట్‌లెట్లకు చెడ్డపేరు రావడంలో దాని వాటా పెద్దదని నా అభిప్రాయం.

మనిషి ఒంట్లోకి ఎక్కించాక

ఒకే దాత నుంచి యంత్రంతో తీసిన అఫెరిసిస్ ప్యాకెట్‌లో, అమెరికా ప్రమాణం ప్రకారం, కనీసం 30 వేల కోట్ల ప్లేట్‌లెట్లు ఉండాలి. ఫ్రీజింగ్, కరిగించడం అయ్యేసరికి కొన్ని పోతాయి. మిగిలినవి ఎక్కిస్తే, తాజావాటితో పోల్చితే రక్తంలో కనిపించేవి బాగా తక్కువ. ఫాస్ఫాటిడైల్‌సెరీన్ బయట ఉన్న కణాన్ని శరీరం చచ్చిన కణంగా గుర్తించి త్వరగా ఏరేస్తుంది. కాబట్టి ఎక్కించాక కౌంట్ ఆశించినంత పెరగదు. తట్టుకుని నిలబడిన భాగం మాత్రం కొన్ని రోజులు తిరుగుతుంది.

కౌంటే లెక్క అయితే కథ ఇక్కడే ముగిసేది. కానీ 1999లో ఖురీ బృందం గుండె బైపాస్ సర్జరీ రోగుల మీద చేసిన ట్రయల్‌లో వింత కనిపించింది. ఫ్రోజెన్ ప్లేట్‌లెట్లు అందుకున్నవాళ్ళలో కౌంట్ తక్కువే పెరిగినా, రక్తస్రావం తక్కువగా ఉంది, ఇతర రక్త ఉత్పత్తుల అవసరం కూడా తగ్గింది. 2018లో స్లిచ్టర్ బృందం కౌంట్ పడిపోయి రక్తస్రావం అవుతున్న రోగుల్లో 24 మందికి ఫ్రోజెన్ ప్లేట్‌లెట్లు మెల్లమెల్లగా మోతాదు పెంచుతూ ఎక్కించింది. రక్తస్రావం తగ్గినవాళ్ళు ఉన్నారు, గడ్డలు కట్టి ప్రమాదమైన సంఘటనలు కనిపించలేదు. ఆస్ట్రేలియాలో క్లిప్ పేరుతో గుండె సర్జరీ రోగుల మీద నాలుగు ఆసుపత్రుల్లో మొదటి ట్రయల్ జరిగి 2019లో వెలువడింది. 121 మందిని చేర్చుకుంటే నిజంగా ప్లేట్‌లెట్లు అవసరమై ఎక్కించుకున్నవాళ్ళు 41 మందే. అసలు ఇలాంటి పోలిక సాధ్యమేనా, ప్రమాదమేమైనా కనిపిస్తుందా అని చూసుకోవడానికే అది పనికొచ్చింది. గెలుపోటములు తేల్చే పరిమాణం దానికి లేదు.

అన్నిటికంటే పెద్ద అనుభవం నెదర్లాండ్స్ సైన్యానిది. బోస్నియా, ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌లలో మైనస్ 80 దగ్గర దాచిన ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లతో వాళ్ళు సైనిక ఆసుపత్రులు నడిపారు. ఆఫ్ఘనిస్తాన్‌లోని ఉరుజ్‌గాన్‌కు ప్రతి ఐదు రోజులకూ తాజా ప్లేట్‌లెట్లు పంపడం అయ్యే పనా? అక్కడ ఫ్రీజర్‌కు పోటీ తాజా ప్యాకెట్ కాదు, అసలు ప్యాకెటే లేకపోవడం. కాకపోతే యుద్ధరంగంలో సగం మందికి ఇదీ సగం మందికి అదీ ఇచ్చి పోల్చడం కుదరదు కాబట్టి, ఆ అనుభవం నుంచి భద్రత గురించి కొంత ధైర్యం వస్తుందే తప్ప ఏది మేలో తేలదు.

గడ్డకట్టే స్వభావం ఇంత రెచ్చిపోయిన పదార్థాన్ని ఒంట్లోకి పంపితే, అవసరం లేనిచోట కూడా గడ్డలు కట్టవా? ఇది న్యాయమైన భయం. కాళ్ళ సిరల్లో గడ్డలు, ఊపిరితిత్తుల్లో గడ్డలు, బైపాస్ చేసిన రక్తనాళం మూసుకుపోవడం, ఇవన్నీ ట్రయళ్ళలో ప్రత్యేకంగా వెతుకుతారు. ఇప్పటిదాకా పైన చెప్పిన చిన్న ట్రయళ్ళలో ఆ ముప్పు పెరిగిన జాడ స్పష్టంగా లేదు. అయితే అరుదైన ప్రమాదం చిన్న ట్రయల్‌కు చిక్కదు. తాజా ప్లేట్‌లెట్లు కూడా ఎప్పుడూ మేలే చేస్తాయనుకోకూడదు. 2016లో వెలువడిన ప్యాచ్ అనే ట్రయల్‌లో, ప్లేట్‌లెట్లను అణిచే మందులు వాడుతూ మెదడులో రక్తస్రావమైన రోగులకు మామూలు ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే పరిస్థితి మెరుగుపడకపోగా మరింత చెడింది.

డీఎంఎస్‌ఓ సంగతి చిన్నదే కానీ రోగికీ పక్కనున్నవాళ్ళకూ ముందు తెలిసేది అదే. మిగిలిన కొద్ది డీఎంఎస్‌ఓ శరీరంలో డైమిథైల్ సల్ఫైడ్‌గా మారి ఊపిరితో బయటికి వస్తుంది. రోగి నోటి నుంచి వెల్లుల్లి లాంటి వాసన. కొందరికి వికారం కూడా ఉంటుంది. వాసనను బట్టి ఎవరికి ఏ ప్యాకెట్ ఇచ్చారో పట్టేయవచ్చు కాబట్టి, ట్రయల్ నడిపేవాళ్ళకు గోప్యత పాటించడం అంత తేలిక కాదు.

ఎవరికి పనికొస్తాయి

ప్రపంచంలో ఎక్కించే ప్లేట్‌లెట్లలో పెద్ద భాగం రక్తస్రావం అవుతున్నవాళ్ళకు వెళ్ళదు. ల్యుకేమియా చికిత్సలోనో ఎముక మజ్జ మార్పిడిలోనో ఉండి కౌంట్ 10 వేల కంటే కిందికి పడిపోయినవాళ్ళకు, రక్తస్రావం రాకుండా ముందుజాగ్రత్తగా ఎక్కిస్తారు. వాళ్ళకు కావాల్సింది రోజుల తరబడి తిరుగుతూ కాపలా కాసే కణాలు. ఫ్రోజెన్ ప్లేట్‌లెట్లు సరిగ్గా అక్కడే వెనకబడతాయి. ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఎవరి ప్లేట్‌లెట్లు ఎక్కించినా శరీరం తిరస్కరించే రోగులుంటారు. 1978లోనే షిఫర్ బృందం ల్యుకేమియా తగ్గుముఖం పట్టిన సమయంలో రోగి సొంత ప్లేట్‌లెట్లనే తీసి ఫ్రీజ్ చేసి, తర్వాతి కీమోథెరపీలో కౌంట్ పడిపోయినప్పుడు తిరిగి ఎక్కించింది. మ్యాచ్ అయ్యే దాత దొరకనప్పుడు సగం పనిచేసే సొంత ప్లేట్‌లెట్టే బంగారం. అరుదైన ప్లేట్‌లెట్ రకాలు ఉన్నవాళ్ళకూ ఇలాంటి నిల్వ అక్కరకొస్తుంది.

ప్రమాదంలో నెత్తురు ధారగా పోతున్న మనిషి విషయం పూర్తిగా వేరు. అతనికి కావాల్సింది ఇప్పుడు, ఈ గంటలో, గడ్డ మొదలవడం. మూడు రోజుల తర్వాత ఆ కణాలు తిరుగుతున్నాయా లేదా అన్నది అతనికి అనవసరం. 2015లో వెలువడిన ప్రాపర్ అనే ట్రయల్‌లో ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలను సమపాళ్ళలో ఎక్కించినప్పుడు మొదటి 24 గంటల్లో రక్తం పోయి చనిపోయినవాళ్ళు తగ్గారు. ప్లేట్‌లెట్లు తొందరగా అందడం ఎంత ముఖ్యమో అది చెబుతోంది. అప్పటికే థ్రాంబిన్ తయారీకి వేదికలు సిద్ధం చేసుకుని వచ్చే ఫ్రోజెన్ ప్లేట్‌లెట్ ఇక్కడ, కనీసం తర్కం ప్రకారం, బాగా సరిపోతుంది.

పోటీదారులు లేకపోలేదు. ఒకప్పుడు వద్దనుకున్న ఫ్రిజ్ పద్ధతి ఇదే తర్కంతో తిరిగి వచ్చింది. త్వరగా మాయమైనా పర్వాలేదు, రక్తస్రావం ఆగితే చాలనే సందర్భాల్లో 1–6 డిగ్రీల దగ్గర 14 రోజుల దాకా దాచిన ప్లేట్‌లెట్లను వాడుకునేందుకు, మామూలువి అందుబాటులో లేనప్పుడు, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో దారి ఇచ్చింది. నీరంతా తీసేసి పొడిగా మార్చిన ప్లేట్‌లెట్ల మీదా పరిశోధనలు నడుస్తున్నాయి. అవి వస్తే ఫ్రీజర్ కూడా అక్కర్లేదు.

ఫ్రోజెన్ ప్లేట్‌లెట్ల మీద ఇక ముందు వచ్చే ఏ ట్రయల్ ఫలితాన్ని చదివినా మొదట దేన్ని కొలిచారో వెతకాలి. ఎక్కించిన గంటకు కౌంట్ ఎంత పెరిగిందన్నది కొలిస్తే ఇవి దాదాపు ఖాయంగా ఓడిపోతాయి. సర్జరీ తర్వాత ఛాతీలో పెట్టిన గొట్టంలోంచి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పోయిందని కొలిస్తే పోటీ బిగువుగా ఉంటుంది. తర్వాత ఎవరితో పోల్చారో చూడాలి. అజిటేటర్ మీద తాజా ప్యాకెట్ సిద్ధంగా ఉన్న పెద్ద ఆసుపత్రిలో చేసిన పోలికను, ఆ ప్యాకెట్ ఎన్నడూ చేరని చోటికి అలాగే తీసుకెళ్ళలేం. చివరగా కరిగించాక దేనిలో కలిపారన్నది. ప్లాస్మాలో కలిపితే రోగికి ప్లేట్‌లెట్లతో పాటు గడ్డకట్టే ఫ్యాక్టర్లు కూడా అందుతాయి. అప్పుడు ఆగిన నెత్తురులో ఎంత ఘనత ప్లేట్‌లెట్లదో, ఎంత ప్లాస్మాదో విడదీయడం ట్రయల్ చేసినవాళ్ళకే కష్టం.